సాయానికి మనిషి కావాలి

"అమ్మగారూ, ఇవాళ కాస్త తొందరగా..." అని వంటమనిషి నోరు తెరిచేలోపే అధ్యక్షురాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"సెలవు మాటెత్తకు. రాత్రి భోజనానికి మా సంఘం వాళ్ళందరూ వస్తున్నారు. ఇంత పని పెట్టుకుని అడగడానికి నోరెలా వచ్చిందే నీకు?"

వంటమనిషి పెరట్లోకి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి ఉల్లిపాయల ముందు కూర్చుంది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఉల్లిపాయలు అలాంటివి మరి.

కష్టాల్లో ఉన్న కుటుంబాలకు ఇరుగుపొరుగును తోడుగా కుదర్చడం ఆ సంఘం పని. ఇంతలో ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, ఎవరో ఒకావిడ ఇందాకే ఫోన్ చేసి సాయం అడిగింది. పిల్లాడు జ్వరంతో ఇంట్లో ఒక్కడే ఉన్నాడట. పనిచేసే చోట ఇల్లుగలావిడ కదలనివ్వడం లేదట. పంపుదామంటే మనవాళ్ళంతా మీ ఇంటి విందుకి తయారవుతున్నారు."

"అదేం మనిషమ్మా! అది గుండా, బండరాయా?" అధ్యక్షురాలి కళ్ళు చెమర్చాయి. "నేనే వెళ్తాను. అడ్రసు చెప్పు."

చెప్పులేసుకుంటూ వంటింట్లోకి తొంగిచూసింది.

"పాపం, ఎవరి బిడ్డో జ్వరంతో పడున్నాడట. కాసేపు కనిపెట్టుకుని ఉండి వస్తా. నేనొచ్చేదాకా నువ్వు మాత్రం కదలకు. ఇంతకీ రైలుగేటు వెనక సందు ఎటో తెలుసా?"

"తెలుసమ్మగారూ." వంటమనిషి తరిగే చెయ్యి ఆపలేదు. "సందు చివరి గది. తలుపు కాస్త పైకెత్తి తోస్తేగానీ తెరుచుకోదు. మాత్ర పొడిచేసి తేనెలో ఇవ్వండి, లేకపోతే ఉమ్మేస్తాడు. మిమ్మల్ని చూసి భయపడితే, అమ్మ పంపిందని చెప్పండి."