పైగదిలో ఒట్టి కాళ్లు

పంతులమ్మా,

మేడ మీద గది నీకు అద్దెకిచ్చినప్పటి నుంచీ నాకు ఒకటే మంట. మీ దేశంలో ఎలాగో గానీ, ఇంట్లో బూట్లేసుకుని తిరిగే మనిషిని నిన్నే చూశాను. పొద్దస్తమానం నా నెత్తి మీద టక్కుటక్కు. చెప్తే నవ్వి ఊరుకుంటావు. కాలేజీలో పాఠాలు చెప్పేదానివి, ఆమాత్రం తెలీదా?

ఆదివారం నుంచి బూట్ల వెనకాలే ఒట్టి కాళ్ల చప్పుడు కూడా వినపడుతోంది. పెళ్లొద్దని పారిపోయిన పిల్ల కోసం ఊరంతా గాలిస్తున్నదీ ఆదివారం నుంచే.

నిన్న నువ్వు కాలేజీలో ఉండగా ఆ పిల్లని వెతికేవాళ్లు మా ఇంటికొచ్చారు. అప్పుడే పైన ఆ కాళ్లు నడిచాయి.

"పైన ఎవరు?" అని ముందున్నవాడు లేచాడు.

"పిల్లి" అన్నాను.

"అంత బరువు పిల్లా? పరాయి దేశం మనిషి గది కాబట్టి ఆగుతున్నా. పోలీసాయనకో మాట చెప్పి శుక్రవారం వస్తా. తాళం పగలగొట్టి చూస్తా."

పోస్టులో వేస్తే పోస్టుమాస్టరు నీకంటే ముందు చదువుతాడని ఈ కార్డు తలుపు కింద తోస్తున్నాను. చదివి కాల్చెయ్యి.

రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆ లేచినవాడు నా కొడుకు. పైనున్నది వాడి కూతురు. కింద నేనుండగా నన్ను దాటి మెట్లెక్కి నీ దగ్గరికొచ్చింది. దొరికితే వాడు దాన్ని బతకనివ్వడు, నేను అడ్డం పడ్డా ఆగడు.

మీ దేశం తీసుకెళ్తావో, ఇంకెక్కడికి పంపుతావో నాకనవసరం. దాన్ని ఊరు దాటించగలవా, లేదా? గురువారం పొద్దుగూకేలోపు చెప్పు.