డాక్టరు వేషం

"ఇక్కడా? బుద్ధుందా నీకు?" అన్నాడు నటుడు, ఆపరేషన్ థియేటర్ ఎదురుగా ఉన్న బెంచీ మీద కాస్త పక్కకు జరుగుతూ.

"ఇక్కడైతే ఏమైంది? లోపల పిల్లకి తీసేది అపెండిక్స్. ఇట్టే అయిపోతుందన్నారు కదా. అంతసేపూ గోళ్లు కొరుక్కుంటూ కూర్చునే బదులు రేపటి డైలాగు చెప్పండి. నేను తల్లిని" అంది అతని భార్య. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, అప్పుడే తల్లి మొహం పెట్టేసింది కూడా.

ఇంట్లో ఆమె వేయని వేషం లేదు. వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఎంతోమందికి తల్లి అయింది, భార్య అయింది, ఓసారి పెళ్లికొడుకు బాబాయి కూడా అయింది. ఎదురుగా మనిషి లేకపోతే ఆయనగారికి డైలాగు రాదు మరి. టీవీ సీరియళ్లలో ఎప్పుడూ డాక్టరు వేషమే. ఆ డాక్టరుకు పేరుండదు, ఇల్లూ వాకిలీ ఉండవు. తలుపు తోసుకుని వచ్చి, "సారీ అమ్మా, మేం చేయగలిగిందంతా చేశాం" అని చెప్పి తప్పుకోవాలి. ఆపైన కెమెరా ఏడ్చేవాళ్ల మీదికి వెళ్లిపోతుంది. తల నెరిసింది గాని అతని డైలాగు మాత్రం మారలేదు.

నిన్న ఆ ఒక్క ముక్కకే టేకుల మీద టేకులు తిన్నాడు. "ఏమయ్యా, నువ్వు చెప్తుంటే మనిషి పోయినట్టు లేదు, కరెంటు పోయినట్టుంది" అన్నాడు డైరెక్టరు అందరి ముందూ. రేపు ఇంకోసారి చూస్తారట. అప్పుడూ రాకపోతే తెల్లకోటు మరొకరికి వెళ్తుంది.

"ఊఁ, కానివ్వండి" అంది భార్య.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సారీ అమ్మా. మేం చేయగలిగిందంతా చేశాం."

"ఊహూ. నాకేం ఏడుపు రాలేదు. మీ కళ్లు ఎక్కడో ఉన్నాయి."

"ఆ తలుపు మీదున్నాయి. బుజ్జి లోపలుంటే నాకీ మాటలు నోటికెలా వస్తాయే?"

ఆమె మెత్తబడి అతని చేతి మీద చెయ్యి వేసింది. "దానికేం కాదు. మొన్న కాలేజీలో పరుగుపందెం గెలిచి వచ్చిన పిల్ల. లోపలికి తీసుకెళ్తుంటే ఏమందో విన్నారుగా? 'అమ్మా, డాక్టరు నాన్నలా మొహం పెట్టుకుని వస్తే మాత్రం కంగారుపడకు, ఆయనకీ యాక్టింగ్ రాదనుకో' అంది."

అతనికి నవ్వొచ్చింది. అది నిజంగా అలాగే అంది, స్ట్రెచర్ మీద పడుకుని, రెండు జడలూ టోపీ లోపల కుక్కుకుని.

అంతలో ఎవరో పెద్దావిడ వచ్చి, "డాక్టరుగారూ, ఈ ఎక్స్‌రే కాస్త చూసి పెడతారా?" అని అతని చేతిలో పెట్టింది. సీరియల్ చూసే మనిషి కాబోలు. కాదనలేక వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని, తలకిందులుగా పట్టుకున్నానని తెలిసి తిప్పి, "పెద్ద డాక్టరుగారికి చూపించండమ్మా" అని భక్తిగా తిరిగి ఇచ్చాడు. ఆవిడ వెళ్లేదాకా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

థియేటర్ తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టి, "నాన్నగారు ఒక్కరే రండి" అంది.

"సంతకం ఏదో కావాలేమో. వెళ్లి రండి" అంది భార్య.

లోపల కుర్ర సర్జన్ చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లద్దాలు తీయలేదు, భుజం మీద చెయ్యి వేయలేదు. కుళాయి ధారగా పోతూనే ఉంది.

"మత్తు ఇవ్వగానే గుండె ఆగిపోయింది సార్. ఎంత ప్రయత్నించినా మళ్లీ కొట్టుకోలేదు. అమ్మాయి పోయింది" అన్నాడు. ఎటు చూడాలో తెలియక కుళాయి కట్టేశాడు.

నటుడు తలూపాడు. "అపెండిక్స్ తీసేశారా?" అని అడిగాడు.

"అంతవరకూ రాలేదు సార్."

"ఆహా."

"అమ్మగారికి నేను చెప్పనా?"

"వద్దు. నేను చెప్తాను. కొత్తమనిషి నోట వింటే తట్టుకోలేదు."

చెప్తానని అనేశాడు గాని ఎలా చెప్పాలి? 'మన బుజ్జి' అని మొదలుపెడితే ఆ తర్వాత ఏ మాట వేయాలో తోచలేదు. ఇన్నేళ్లూ అతను తోసినవన్నీ ప్లైవుడ్ తలుపులు, వేలు తగిలితే ఊగిపోయేవి. ఈ తలుపు బరువుగా ఉంది. భుజం ఆనించి తోశాడు.

భార్య లేచి ఎదురొచ్చింది. అతను నోరు తెరిచాడు. సొంతమాట ఒక్కటీ రాలేదు. మరోసారి ప్రయత్నించాడు. జీవితమంతా నోట్లో నానిన మాటలే బయటికొచ్చాయి.

"సారీ అమ్మా... మేం చేయగలిగిందంతా..."

"చేశాం" అన్నది గాలిలాగే వచ్చింది. చెంపల మీదుగా నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తెలియలేదు అతనికి.

ఆమె అతని మొహంలోకి చూసింది. చూస్తూ ఉండగానే ఆమె కళ్లూ చెమర్చాయి. మెచ్చుకోలుగా అతని భుజం తట్టింది.

"ఇప్పుడొచ్చింది చూశారా, ఇన్నాళ్లకి. రేపు అచ్చం ఇలాగే చెప్పండి" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇంతకీ, డాక్టరుగారు ఎందుకు పిలిచారట?"