వెనకవైపు మూడంకెలు

పన్నెండంకెలు కొట్టేసరికి పైడితల్లి వేళ్లకు చెమట పట్టింది.

ఏటీఎం కార్డును కీబోర్డు పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె చూసి ఒక్కో మీట నొక్కుతోంది. పని స్టీల్‌ప్లాంటు క్యాంటీన్‌లో. చదువు పదో తరగతి. ఇంటర్నెట్‌లో వస్తువు కొనడం ఇదే మొదలు. రెండువేల ఎనిమిదిలో గాజువాకలో చాలామందికి అంతే. నెట్ సెంటర్ నడిపే ఎల్లాజీ పేజీ తెరిచిపెట్టి, ఇంకెవరో పిలిస్తే అటు వెళ్లాడు.

తెర మీద చిక్కుడు గింజంత వినికిడి మిషను బొమ్మ. ఎనిమిది వేలు. సీతమ్మధార డాక్టరు ఇరవై రెండు వేలన్నాడు. జూన్‌లో కూతురు శ్రీసత్యను బడిలో వెయ్యాలి. మిషను లేకుండా తీసుకురావద్దని హెడ్‌మాస్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఆమె ఖాతాలో ఉన్నది ఎనిమిది వేల మూడొందలు.

పక్క కంప్యూటర్ ముందున్న మనిషి తన పని మానేసి ఆమె తెర వైపే చూస్తున్నాడు.

పైడితల్లి కార్డు మీద అరచెయ్యి కప్పింది. నంబర్లు చూసి డబ్బులు లాగేసేవాళ్లుంటారని క్యాంటీన్‌లో చెప్పుకుంటే విన్నదే.

“ఏటి బాబూ, అలా సూత్తన్నావ్?”

అతను తడబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా.

“ఏం లేదండి. ఆ మిషను... ఎవరికి?”

“నా పిల్లకి. ఆరేళ్లొచ్చాయి. నా గొంతెలాగుంటాదో దానికి తెల్దు.”

అతను చటుక్కున తల తిప్పేసుకున్నాడు.

మిగతా నాలుగంకెలూ కొట్టింది. తేదీ కొట్టింది. కార్డు తిరగేసింది. వెనక మూడంకెలు కొడితే అయిపోయినట్టే. ఒకటి కొట్టింది. రెండోది కొట్టింది.

పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి కీబోర్డును లాగేసింది.

“ఎల్లాజీ! ఈడెవుడో సూడు, నా నంబరు కొట్టేత్తన్నాడు!”

సెంటరంతా లేచి నిలబడింది. ఎల్లాజీ పరుగున వచ్చాడు.

“సాయిశంకర్ గారూ, ఏటండిది?”

“ఆ మూడో అంకె కొట్టొద్దనండి.” అన్నాడు సాయిశంకర్. “పైన అడ్రసు చూడండి. తాళం బొమ్మేదీ? డబ్బులు కట్టే పేజీకి అదుండాలి. ఇది దొంగ సైటు. మిషనూ రాదు, ఖాతాలో రూపాయీ మిగలదు.”

ఎల్లాజీ వంగి చూశాడు. తాళం లేదు. అతని ముఖం పాలిపోయింది.

“నాను సూసుకోలేదప్పా. తప్పు నాదే.”

పైడితల్లి కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుంది.

“మరి ఇందాకా కొట్టిన నంబరో?”

“చివర పంపే మీట నొక్కలేదుగా, వాళ్లకి చేరలేదు,” అన్నాడు సాయిశంకర్. “డబ్బులు భద్రంగా ఉన్నాయి. మిషను మాత్రం డాక్టరు దగ్గరే కొనండి. వాయిదాల్లో కడతానని అడిగితే ఇస్తారు.”

ఆమె రెండు చేతులూ జోడించింది.

“తిట్టేసినాను బాబూ, మనసులో పెట్టుకోకు. నువ్వు లేకపోతే ఈయేళ నా పిల్ల బతుకేటయిపోను? నీ కడుపు సల్లగుండాల.”

సాయిశంకర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. బ్యాగు భుజాన వేసుకుని గబగబా గుమ్మం వైపు నడిచాడు.

ఎల్లాజీ పేజీ మూసెయ్యబోయాడు.

“ఉండెహె,” అంది పైడితల్లి. ఇప్పుడామెకు భయం పోయి ఒళ్లు మండుతోంది. “కింద ఏదో ఫోన్ నంబరుంది. ఈ సైటోళ్లని నాలుగు కడిగేత్తాను. నీ ఫోనియ్యి.”

గుమ్మం దాటబోతున్న సాయిశంకర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“వద్దండీ!”

అప్పటికే ఆమె పదంకెలూ నొక్కేసింది.

పైడితల్లి చెవిలో రింగు వినబడుతున్నంతసేపూ సాయిశంకర్ చొక్కా జేబులో ఫోను మోగుతూనే ఉంది.