అమ్మమ్మ గొంతుతో

“ఒక్కసారికే,” అన్నాడు అమ్మమ్మ తమ్ముడు, చిన్న తాతయ్య. “ఇవాళ్టికి మాట్లాడు చాలు. రేపటి సంగతి నేనేదో చూసుకుంటాను.”

అమ్మమ్మ పోయి అప్పటికి ఒక్క రోజే అయింది.

ఆయన మనవరాలి చేతులు పట్టుకున్నాడు. ఆమెకు కాదనడానికి నోరు రాలేదు.

అమ్మమ్మను కన్న తల్లి, తాతమ్మ, ఇంకా బతికే ఉంది. వేరే ఊళ్లో చిన్న తాతయ్య ఇంట్లో మంచం పట్టింది. చూపు ఎప్పుడో పోయింది. గుండె బాగా నీరసించిందనీ, చెడ్డ కబురు చెవిన వేస్తే తట్టుకోలేదనీ డాక్టరు హెచ్చరించాడు. రోజూ సాయంత్రం కూతురితో ఫోన్లో కాసేపు కబుర్లాడటం, ఆమెకు ఆ రోజు గడవడానికి అదే మందు.

మనవరాలి గొంతు అచ్చు గుద్దినట్టు అమ్మమ్మదే. ఫోనెత్తితే చుట్టాలంతా పొరబడేవాళ్లు.

సాయంత్రం ఆమె అమ్మమ్మ ఫోన్ తీసుకుని, అమ్మమ్మ కుర్చీలో కూర్చుని, అమ్మమ్మలాగే ముందు గొంతు సవరించుకుంది.

“ఏమ్మా, మాత్ర వేసుకున్నావా, దిండు కింద దాచావా?”

అవతల చాలాసేపు నిశ్శబ్దం.

“వేసుకున్నాలేవే,” అంది తాతమ్మ చివరికి. “గొంతేమిటి అలా ఉంది?”

“జలుబు.”

“జాగ్రత్త. పిల్ల ఎలా ఉంది?”

పిల్ల అంటే తనే. అమ్మానాన్నలు లేని తనను అమ్మమ్మే పెంచింది.

“దానికేం, దుక్కలా ఉంది,” అంది. ఫోన్ పెట్టేసి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒక్కసారన్నది రోజువారీ అయింది. ఇవాళ ఇంకా నీరసంగా ఉంది, రేపు చెబుతానంటూ చిన్న తాతయ్య దాటేస్తూ వచ్చాడు. పగలంతా మనవరాలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించేది. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మమ్మ అయ్యేది. అమ్మమ్మ ఎక్కడ నవ్వుతుంది, ఎక్కడ విసుక్కుంటుంది, “నీ మొహంలే” అని ఏ మాటకు అంటుంది, అన్నీ దారి పొడుగునా గుర్తు చేసుకుంటూ నడిచేది.

తాతమ్మ పాత సంగతులు తవ్వేది. చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి ఎవర్ని తోసేశావో గుర్తుందా అని అడిగేది. మనవరాలికేం తెలుసు? ఇంతలో తాతమ్మే అందుకుని, ఇంకెవర్ని, మీ తమ్ముణ్ణే కదా, తోసేసి నువ్వే ముందు ఏడుపు లంకించుకున్నావని చెప్పి నవ్వేది. అమ్మమ్మ బడి ఎగ్గొట్టడం, పెళ్లిచూపుల్లో తుమ్ములు ఆగకపోవడం, తొలిచూలు బిడ్డను ఎత్తుకోవడానికి భయపడటం, ప్రశ్న ఆవిడదే, జవాబూ ఆవిడదే. గండం గడిచిందని మనవరాలు ఊపిరి పీల్చుకునేది. చివర్లో ఆ ప్రశ్న మాత్రం తప్పేది కాదు. పిల్ల తిన్నదా? పిల్ల నిద్రపోతోందా? దాన్ని ఒంటరిగా వదలకు.

ఒకరోజు దుకాణంలో ఒక పెద్దాయన తన కళ్లజోడు బాగు చేయించుకుంటూ తొందరపెడితే, “నీ మొహంలే” అనేసింది. ఆయన తెల్లబోయాడు. యజమాని చీవాట్లు పెట్టాడు. తన గొంతు ఏదో మనవరాలికే తెలియడం లేదు. అమ్మమ్మను తలుచుకుంటే అమ్మమ్మ మాట వినబడటం లేదు, తన నటనే వినబడుతోంది.

ఆ పూటే చిన్న తాతయ్యకు ఫోన్ చేసింది.

“నా వల్ల కాదు తాతయ్యా. రోజూ సాయంత్రం అమ్మమ్మ బతికొస్తోంది. ఫోన్ పెట్టేయగానే మళ్లీ చచ్చిపోతోంది. నేను ఎన్నిసార్లని చూడను?”



“నాకు అక్క పోయింది,” అన్నాడాయన. “అమ్మనైనా ఉండనీ తల్లీ.”

సాయంత్రం ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకుంది.

వానలు మొదలైన రోజుల్లో కబురొచ్చింది. తాతమ్మ ముద్ద మింగడం మానేసింది. పెద్ద కూతుర్ని పిలిపించమని ఒకటే కలవరింత. డాక్టరు పెదవి విరిచాడు. మోకాళ్ల నొప్పులనీ బస్సులు లేవనీ చెప్పిన సాకులన్నీ అయిపోయాయి.

మనవరాలు బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. ఈ ఒక్కసారి తప్పు పోకూడదు. చివరి క్షణంలో ఆ ముసలి ప్రాణానికి నిజం తెలిస్తే, ఆ పాపం తనదే.

గుమ్మంలోనే చిన్న తాతయ్య చెవిలో చెప్పాడు. చేతులు పట్టుకోనివ్వకు, నీ చేతులు కుర్రచేతులు, తెలిసిపోతుంది.

తాతమ్మ పక్కబట్టల్లో ముడుచుకుని పిడికెడైపోయి ఉంది. మనవరాలు మంచం పక్కన కూర్చుంది. చేతులు వెనక్కి దాచుకుంది.

“ఏమ్మా, వచ్చాను. ఏమిటీ అల్లరి, అన్నం తినకుండా?”

తాతమ్మ పెదాల మీద నవ్వులాంటిది కదిలింది. కాసిని వేడినీళ్లు కాచి తెమ్మని కొడుకును పంపేసింది. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత గాల్లోకి చెయ్యి చాచి తడుముకుంటూ మనవరాలి తల దొరకబుచ్చుకుంది. జుట్టు నిమిరింది.

“ఇంక చాలమ్మా,” అంది. “నీ గొంతుతో మాట్లాడు.”

మనవరాలు కొయ్యబారిపోయింది. నోట్లోంచి వచ్చిన గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు.

“ఎప్పుడు తెలిసింది తాతమ్మా?”

“అది పోయింది నాతో ఫోన్లో మాట్లాడుతూనే, నువ్వు తలుపు తీసుకుని లోపలికొచ్చి గొల్లుమన్నది కూడా విన్నానే నా తల్లీ.”