మూడు వందల పన్నెండు పేర్లు

“ఓటు లేనివాళ్ళు ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదు. ఈవిడకి ఓటు లేదు. నామినేషన్ కొట్టేయండి,” అన్నాడు ఎమ్మెల్యేగారి లాయరు, కాగితాల కట్ట ఎన్నికల అధికారి బల్లమీద పెడుతూ.

పైపులక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా కుళాయిలు బిగిస్తూ, పగిలిన పైపులు అతుకుతూ బతుకుతున్న మనిషి. పని మధ్యలో ఆపుకుని, గోళ్ళల్లో మట్టి కూడా వదలకుండానే నామినేషన్ల పరిశీలనకి వచ్చి కూర్చుంది. పోయినసారి నిక్షేపంలా ఓటు వేసింది. ఇప్పుడు లేదంటే?

కట్టలో సంగతి అధికారి చదివి చెప్పాడు. కాలువ అవతలి వీధి మొత్తం, మూడు వందల పన్నెండు ఓట్లు, ‘ఊరు విడిచి వెళ్ళిపోయారు’ అన్న కారణంతో కిందటి నెల తీసేశారు. ఇంటింటికీ తిరిగి చూశామని ఫిర్యాదు రాసింది ఎమ్మెల్యేగారి మనుషులే.

ఎందుకు రాశారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె పంచిన కరపత్రంలో ఉన్నవి మూడే మాటలు. ఓటు కోసం జనాన్ని అయిదు కిలోమీటర్లు నడిపించకుండా పోలింగ్ కేంద్రం వీధి బడిలోనే పెట్టాలి. కాలువ మీద వంతెన కట్టాలి. బడ్జెట్ కాగితాల్లో ఆ వంతెన ఇప్పటికే రెండుసార్లు కట్టేశారు కాబట్టి, ఇకమీదట ఏ వీధికి ఎంత ఇచ్చారో ఆ వీధి గోడమీదే రాయించాలి. ఆ మూడోదానితో ఎమ్మెల్యేగారికి కంటిమీద కునుకు కరువైంది.

ఈసారీ పోటీకి నామినేషన్ వేసిన ఆయన ఆ గదిలోనే, ఫ్యాను కింద కాలుమీద కాలేసుకుని కూర్చున్నారు. లాయరు పైపులక్క పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. గోడమీద రాతల సంగతి వదిలేస్తే, ఆమె పేరొక్కటీ పొరపాటున పోయిందని తామే ఒప్పుకుంటారట. మిగతా వీధి గోల ఆమెకెందుకట.

“నా ఒక్కదాని పేరు నేనేం చేసుకోను బాబూ? ఉంటే అందరం ఉంటాం, పోతే అందరం పోతాం,” అంది ఆమె, గదంతా వినపడేలా.

లాయరు మొహం మాడ్చుకున్నాడు. అయితే తీసేసిన పేర్ల జాబితా ప్రకారమే కానివ్వండన్నాడు. అధికారి నిదానస్తుడు. ఆ జాబితాలో తప్పేమీ లేదనీ, అందులో ఉన్న ఏ ఒక్కరికీ పోటీ చేసే హక్కు లేదనీ రాసి సంతకం పెట్టమన్నాడు. లాయరు చకచకా రాసేశాడు. దాని కింద ఎమ్మెల్యేగారు కూడా చదవకుండానే సంతకం గీకేశారు.

“మీరేమైనా చెప్పుకుంటారా అమ్మా?”

“ఆ పేర్లన్నీ పైకి చదవండి సారూ. మమ్మల్ని ఊళ్ళో లేకుండా చేసినవాళ్ళు ఒక్కో పేరూ చెవులారా వినాలి.”

టైము దండగని లాయరు గొణిగాడు. చదివించుకునే హక్కు ఆమెకుందని అధికారి మొదలుపెట్టాడు. పేరు పేరుకీ పైపులక్క జవాబు చెబుతూనే ఉంది. కుట్టుమిషను తాత ఉన్నాడు, కిటికీలోంచి తొంగిచూస్తే గేటు దగ్గర కనిపిస్తాడు. బడి పంతులమ్మ ఉంది, ఈపాటికి ఎక్కాలు చెబుతుంటుంది. తన తోడికోడలు ఉంది, నిన్ననే కాన్పయింది, వీధిలో ఒక మనిషి పెరిగిందే తప్ప తగ్గలేదు. బంట్రోతు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. ఎమ్మెల్యేగారు ఆవులించారు. తన నామినేషన్ పోతే పోనీ, ఒక్క పేరు కూడా వదలకూడదని ఆమె పంతం. గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

నూట నలభై ఒకటో పేరు దగ్గర అధికారి ఆగిపోయాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితాన్ని తన దగ్గరికి లాక్కుని, దానిమీద చెయ్యి ఆనించాడు.

“ఇది మీ పేరే సార్,” అన్నాడు ఎమ్మెల్యేగారితో. “పోయిన ఎన్నికలప్పుడు ‘నేనూ ఈ వీధివాణ్ణే’ అంటూ అక్కడో గది అద్దెకి తీసుకుని, ఓటు రాయించుకున్నారు కదా.”