నట్టు మీద గీత

“విరిగింది ఇక్కడే,” అన్నాడు తనిఖీ అధికారి, టార్చి వెలుగు స్టాండు మీద నిలిపి.

తమ్ముడు వంగి చూశాడు. కారు వెనక రెక్కని మోసే రెండు అల్యూమినియం స్టాండ్లలో అది ఎడమది. అడుగు నుంచి రెండంగుళాల పైన తెగింది. అడుగు ముక్క చిరిగిన డిక్కీ రేకుకి ఇంకా బోల్టుతో బిగించే ఉంది. దాని మీద అతని ముద్ర ఉంది. రెక్క అతను చేసిందే, స్టాండ్లూ అతను చేసినవే. కారుతో కంపెనీ ఇచ్చేవి కావు. రేసు ట్రాక్ మీద బండి నేలకి అతుక్కుని పోవాలని జనం బయట చేయించుకునేవి.

పొద్దున తొమ్మిదిన్నరకి, మూడో మలుపులో, ఆ రెక్క ఊడి గాల్లోకి లేచింది. వెనక చక్రాలకి పట్టు తప్పి కారు గోడని కొట్టింది. నడిపింది లెక్కల టీచరు. సెలవు దొరికితే సొంత కారు తెచ్చుకుని ట్రాక్ మీద తిప్పుకునే మనిషి. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు. వాన పడేలా ఉందని ముక్కల్ని అన్న ట్రాక్ పక్కనే ఉన్న తన షెడ్డులోకి చేర్చాడు. కబురు తెలిసి తమ్ముడు వచ్చేసరికి అన్న కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటున్నాడు. “వచ్చావా,” అన్నాడు, అంతే. తమ్ముడు చేస్తాడు, అన్న బిగిస్తాడు. పన్నెండేళ్లుగా ఇద్దరి పనీ అదే.

“ఫొటోలు అయ్యేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు,” అన్నాడు అధికారి. టార్చి బోల్టు మీదికి దించాడు. “ఈ పసుపు గీత ఏమిటి?”

“బిగించాక గీస్తాం సార్,” అన్నాడు అన్న. “నట్టు మీంచి బోల్టు మీదికి ఒకటే గీత. నట్టు వదులై వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. చూడగానే దొరికిపోతుంది.”

“ఇది ఒకటిగానే ఉంది.”

“ఉంది సార్.”

“ఎప్పుడు గీశారు?”

“శుక్రవారం సాయంత్రం. ఈ రెండు రోజుల్లో దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.”

అన్నకి అదొక చాదస్తం. ఎనామిల్ రంగు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. గీత ఆరందే బండిని షెడ్డు దాటనివ్వడు. ‘జవాబు పత్రాలు కూడా నేనింత జాగ్రత్తగా దిద్దనండీ’ అని టీచరు నవ్వేవాడు.

“ఇంత మట్టిలో గీత ఒక్కటే భలే కనపడుతోందే,” అన్నాడు అధికారి.

“మీకు తెలియాలని గుడ్డతో తుడిచాను సార్.”

అధికారి తలూపి ఫొటో తీశాడు. “అయితే బిగింపులో తేడా లేదు. స్టాండే ఆగలేదు.”

తమ్ముడు అడ్డుపడ్డాడు. “సార్, నట్టు వదులైతే రెక్క ఊగుతుంది. అలా ఊగితే ఎంత గట్టి స్టాండైనా తెగుతుంది. ట్రాక్ మీద నలభై రోజులు తిప్పినా ఆగేలా చేస్తాను నేను. ఇది పదకొండు రోజులే తిరిగింది.”

“నట్టు వదులు కాలేదని నీ కళ్లముందే ఉంది కదయ్యా. మందం ఎంత?”

“నాలుగు మిల్లీమీటర్లు.”

“మొదట్నుంచీ అంతేనా?”

“ముందు ఆరు చేసేవాణ్ణి. టీచరుగారే బరువు తగ్గించమని...” చచ్చిపోయిన మనిషి మీదికి నెడుతున్నట్టు తనకే వినిపించి ఆపేశాడు.

అన్న అతన్ని టైర్ల గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు.

“ఒప్పేసుకోరా.”

“రెండింతల బరువు వేలాడదీసి చూశాం కదన్నయ్యా. ఆ రోజు నువ్వూ ఉన్నావు.”

“ఉన్నాను. వేలాడదీయడం వేరు, ట్రాక్ వేరు. అక్కడ బండి ఎగిరెగిరి పడుతుంది.”

“పొద్దున ఆయనేమన్నా చెప్పాడా? వెనక చప్పుడొస్తోందనో, ఊగుతోందనో?”

“ఏం చెప్తాడు? నవ్వుకుంటూ ఎక్కాడు.” అన్న చూపు తిప్పుకున్నాడు. “నాన్న పోయినప్పటి నుంచి నీకు ఒక్క చెడ్డ మాట చెప్పానా? నువ్వు కాదు కూడదంటే ఇద్దరినీ లాక్కెళ్తారు. ఒప్పుకుంటే ఒక్కడివే వెళ్తావు. నీ పెళ్లాం పిల్లల్ని నేను చూసుకుంటాను. ఇద్దరం లోపలికెళ్తే వాళ్లకి దిక్కెవరు చెప్పు?”

తమ్ముడికి మిగతా కార్లు గుర్తొచ్చాయి. ఇంకా ఇరవై ఆరు కార్ల మీద తన రెక్కలున్నాయి. అన్నీ నాలుగు మిల్లీమీటర్ల స్టాండ్లే.

“వాళ్లందరికీ ఫోన్ చేసి విప్పేయమని చెప్పు ముందు,” అన్నాడు.

“చెప్తాలే.”

స్టాండు మందం తగ్గించడం తన తప్పేనని అధికారి రాసిన కాగితాన్ని తమ్ముడు సగం చదివాడు. ముద్ర కొట్టే ఉక్కు అచ్చుని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఇక దాంతో పని లేదు. సంతకం చేశాడు.

అన్న తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. తమ్ముడికి అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్లు ఆగలేదు.

“ఫొటోలు అయిపోయాయి. ఆ ముక్కని ఈ సంచిలో వెయ్యండి, సీలు వెయ్యాలి,” అన్నాడు అధికారి.

“నేను వేస్తాను సార్,” అంటూ అన్న ముందుకి కదిలాడు.

“ఉండన్నయ్యా. నేను చేసిందేగా.”

తమ్ముడు రెండు చేతులతో దాన్ని ఎత్తాడు. జారకుండా బొటనవేలు నట్టు మీద అదిమిపెట్టాడు. సంచిలోకి దించి, కళ్లు తుడుచుకోబోయి చెయ్యి చూసుకున్నాడు.

బొటనవేలికి పసుపు రంగు అంటింది.