పిడుగు దిగే తీరు

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. నిర్మాత, ఆయన భార్య, ఫైట్ మాస్టరు, ముసలి మేనేజరు, పిడుగును కొనడానికి వచ్చిన కంపెనీ మనిషి.

పిడుగు సినిమా హీరో. ముసుగు వేసుకుని ఆకాశంలోంచి దిగుతాడు. నిర్మాత తండ్రి పుట్టించాడు.

మొదటి నాలుగు సినిమాలకూ పిల్లలు అమ్మానాన్నల్ని లాక్కుని మరీ వెళ్లారు. స్కూలు సంచుల మీదా, నీళ్ల సీసాల మీదా వాడే. పెద్దాయన పోయాక తీసిన రెండు సినిమాలనూ వారం తిరక్కుండా ఎత్తేశారు.

బల్ల మీద వాడి కంచుబొమ్మ ఉంది. ఎడమ అరచెయ్యి నేలకు ఆన్చి, కుడికాలు పక్కకు చాపి, తల కొంచెం వంచి.

"పిల్లలందరిదీ ఒకటే మాట, మా పిడుగు ఇలా దిగడు అని," అన్నాడు నిర్మాత.

కంప్యూటర్లో దింపెయ్యొచ్చుగా అంది భార్య.

"పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమా అమ్మా," అన్నాడు ఫైట్ మాస్టరు. అప్పటికే నలుగురు కుర్రాళ్లతో దూకించి చూశాడు. నాలుగోవాడు మోకాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు.

పాత సినిమాల్లో ముసుగులో దూకిందెవరని కంపెనీ మనిషి అడిగాడు.

"నాన్నొక్కడికే తెలుసు. ముసుగుతో వచ్చేవాడు, ముసుగుతోనే వెళ్లిపోయేవాడు. ఎవరితోనూ ఒక్క మాటా ఉండేది కాదు. ఎంత వెతికించినా దొరకలేదు."

వాడు దొరికితే ఇంకో పది సినిమాలు తియ్యొచ్చు. లేకపోతే ఇవాళే సంతకం. కొన్నవాళ్లు బొమ్మలు మాత్రం అమ్ముకుంటారు. పిడుగు మళ్లీ ఎగరడు.

కాలింగ్ బెల్ మోగింది. మేనేజరు వెళ్లి తలుపు తీశాడు.

నడివయసు ఆవిడ. వెలిసిన బట్టలు, చేతిలో గుడ్డసంచి.

"మోకాలు విరిగిన అబ్బాయికి ఎలా ఉందండీ? పేపర్లో చూశాను."

"నువ్వు వాడికేమవుతావమ్మా?"

"ఏమీ కానండీ."

పొద్దుటి నుంచి ఇద్దరొచ్చారు. ఒకావిడ పెంచిన తల్లినంది, ఇంకొకావిడ మేనత్తనంది. డబ్బుకోసమే. ఈవిడకింకా వరస కుదిరినట్టు లేదనుకున్నాడు మేనేజరు.

ఆవిడ తలెత్తకుండా మెల్లగా చెప్పింది. దిగేటప్పుడు కుడికాలి మీద బరువు వెయ్యకూడదట. ముందు ఎడమచెయ్యి నేలను పలకరించాలట. లోపలికి రానిస్తే ఒక్కసారి చూపిస్తుందట.

"నీకెవరు చెప్పారమ్మా ఇదంతా?"

ఆవిడ నోరు తెరిచింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మూసుకుంది.

"అది చెప్పకూడదండీ. మాటిచ్చాను."

లోపలి నుంచి ఎవరని అడిగాడు నిర్మాత. ఆ కుర్రాడి తాలూకు మనిషని చెప్పాడు మేనేజరు.

"ఆసుపత్రి సంగతి మనమే చూసుకుంటున్నామని చెప్పి పంపించెయ్యండి," అని నిర్మాత కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "ఏవండీ, కాగితాలు ఇలా ఇవ్వండి. ఇంక చూసేదేముంది."

కలం మూత తీసిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

ఆవిడకూ వినిపించింది.

"అబ్బాయిని జాగ్రత్తగా నడవమనండి," అని వెనక్కి తిరిగింది.

మెట్లు అప్పుడే కడిగారు. పైమెట్టు మీదే కాలు జారింది. నాలుగు మెట్ల ఎత్తు నుంచి పడింది.

చప్పుడు కాలేదు.

ఎడమ అరచెయ్యి నేలకు ఆనింది. కుడికాలు పక్కకు చాపుకుంది. తల కొంచెం వంగింది.

తలుపు మీద మేనేజరు చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి కంచుబొమ్మను చూశాడు. దాని పక్కన కంపెనీ మనిషి సంతకమైన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు.

బయట ఆవిడ లేచి, అరచెయ్యి తుడుచుకుని, సంచి తీసుకుంది.

"ఇంకా ఎవరున్నారక్కడ?" అన్నాడు నిర్మాత.

మేనేజరు కంపెనీ మనిషి సంచి వైపు ఇంకోసారి చూశాడు.

"ఎవరూ లేరు బాబూ," అంటూ, ఇంటింటా పిల్లలు మంచాల మీంచి దూకి దూకి అనుకరించిన ఆ పిడుగు మీద తలుపు మూసేశాడు.